కుడి చెవి

“అమ్మా, ఈసారి వీగిపోని సంకల్పం ఒకటి మీరే చెప్పండి. నేను పెట్టుకున్నవి ఒక్కటీ నిలవడం లేదు” అని అడిగాడు పానకాలు.

ఉగాది నాటి పొద్దున అది. ఊరి చివర, మిరప కళ్లాలు దాటాక వచ్చే పెంకుటింటి పంచలో చిదంబరమ్మగారు చింతపండు ముందేసుకుని గింజలు తీస్తున్నారు. ఆవిడ కాషాయం కట్టలేదు, ఎవరికీ మంత్రం ఉపదేశించలేదు. భర్త పోయాక ఆ ఇంట్లో ఒక్కరే ఉంటూ, వచ్చినవాళ్ళతో రెండు మాటలు మాట్లాడుతూ, ఆ రెండు మాటల కోసమే చుట్టుపక్కల ఊళ్ళ జనం వచ్చేలా బతికిన మనిషి. ఎవరొచ్చినా చేతిలో పని మాత్రం ఆపేవారు కాదు. వచ్చినవాళ్ళు కూడా ఆ పనిలో ఒక చెయ్యి వేసేవారు. తల వంచుకుని ఏదో ఒకటి చేస్తూ ఉంటే మనిషికి నిజం చెప్పడం కాస్త తేలిక అవుతుంది కాబోలు, ఆ పంచలో చాలామంది ఇంకెక్కడా చెప్పుకోనివి చెప్పుకున్నారు.

ఉగాదికి అక్కడ ఒక అలవాటు ఉండేది. వేప్పూత పచ్చడి అరచేతిలో వేయించుకుని, ఆవిడ ఎదుట ఏదో ఒక సంకల్పం చెప్పుకుని, అప్పుడు నోట్లో వేసుకునేవారు. ఒకాయన బీడీ మానేస్తానంటాడు. ఒకావిడ కోడలి ఊసు వీధిలో ఎత్తనంటుంది. ఇంకొకాయన తెల్లవారకముందే నిద్ర లేస్తానంటాడు. చిదంబరమ్మగారు ఎవరినీ కాదనేవారు కాదు, “మంచిది” అనేవారు. మళ్ళీ ఏడాదికి అవే మొహాలు, అవే సంకల్పాలు. అప్పుడూ “మంచిది” అనేవారు. అందులో వెటకారం ఉండేది కాదు.

పానకాలు సంకల్పం కూడా ఏటేటా ఒకటే. ఇంట్లో గొంతు ఎత్తకూడదు. ముఖ్యంగా అత్త మీద.

అత్త అంటే తిరపతమ్మ, తండ్రి తోడబుట్టినావిడ. పానకాలు పుట్టిన ఏడాదికే తల్లి పోతే, చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి చేరిన తిరపతమ్మ వాణ్ణి చంకనేసుకుంది. ఆ తర్వాత ఆమెకు వేరే ముచ్చట లేకుండా పోయింది. వాడికి అక్షరాభ్యాసం చేయించిందీ ఆవిడే, పెళ్ళినాడు తల్లి స్థానంలో నిలబడిందీ ఆవిడే. ఇప్పుడు పానకాలుకు యాభై దాటాయి. ఆమెకు ఎన్నేళ్ళో ఆమెకే తెలియదు. కొన్నేళ్ళుగా చెవులు వినపడటం లేదు.

పానకాలుకు ఊరి మధ్యలో పిండి మర ఉంది. మర తిరుగుతున్నంతసేపూ పక్కనున్న మనిషికి చెప్పాలన్నా కేక వెయ్యాల్సిందే. ఎండాకాలం వస్తే కారం పట్టించుకునేవాళ్ళు వరసకట్టి నిలబడతారు, ఘాటుకు కళ్ళు మండుతాయి, ముక్కుకు గుడ్డ కట్టుకుని రోజంతా అరవాలి. ఆ గొంతుతోనే ఇంటికి వచ్చేవాడు. భార్య సీతారావమ్మ ఆ గొంతుకు అలవాటు పడిపోయింది. తిరపతమ్మకు ఆ గొంతు కూడా అందేది కాదు. రెండుసార్లు పిలిచి, మూడోసారికి వాడి నోటి నుంచి ఏదో ఒక మాట జారేది. అన్నాక బాధపడేవాడు. నిజంగానే బాధపడేవాడు. మరుసటి ఉగాది దాకా ఆ బాధను దాచుకుని, తెచ్చి చిదంబరమ్మగారి పంచలో పెట్టేవాడు.

ఒక ఏడాది “కోప్పడను” అన్నాడు. ఆవకాయలు పెట్టే రోజుల దాకా నిలిచింది. మరో ఏడాది, అరిచిన రోజున కాఫీ మానేస్తానన్నాడు. కాఫీ లేక తలనొప్పి వచ్చి ఇంకో నాలుగు అరుపులు అరిచాడు. ఆ పై ఏడాది, అరిచిన పూట అన్నం ముట్టనన్నాడు. వాడు తినకపోతే తిరపతమ్మ కంచం ముందు కూర్చుని “ఎందుకు తినడంలేదురా, ఒంట్లో బాగాలేదా?” అని పదేపదే అడిగేది. ఎందుకో చెప్పాలంటే గట్టిగా చెప్పాలి. గట్టిగా చెబితే అది మళ్ళీ అరుపే అయ్యేది.

ఇక ఈసారి జరిగింది మునుపటివాటిలాంటిది కాదు. ఉగాదికి ముందురోజు మధ్యాహ్నం కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయి, ఆఖరికి మర బెల్టు తెగింది. జనం బస్తాలతో ఎండలో నిలబడి ఉన్నారు. పానకాలు ఆకలితో ఇంటికి వచ్చి గేటు దగ్గర నిలబడి పిలిచాడు. గేటుకు లోపల గడియ పెట్టి ఉంది. సీతారావమ్మ మామిడాకుల కోసం వెళ్ళింది. తిరపతమ్మ అరుగు మీదే ఉంది, కానీ తల ఎత్తలేదు. పిలిచాడు, గేటు ఊపాడు, అరిచాడు. ఎప్పటికో ఆమె తలెత్తి చూసి, “అప్పుడే వచ్చావా నాయనా?” అని నవ్వింది. ఆ నవ్వు చూసేసరికి వాడికి ఒళ్ళు మండిపోయింది.

“చెవుల్లేని మనిషి ఇంట్లో ఉన్నా ఒకటే, గోడ ఉన్నా ఒకటే!” అన్నాడు.

అన్ని పిలుపులూ అందని ఆ చెవులకు ఆ ఒక్క మాటా అందింది. తిరపతమ్మ లేచి వచ్చి గడియ తీసింది. అన్నం వడ్డించింది. సాయంత్రం సీతారావమ్మను పిలిచి, తెనాలిలో ఉన్న తన చెల్లెలి కూతురు నాంచారికి ఫోను చెయ్యమంది. “శ్రీరామనవమి వెళ్ళగానే వచ్చి నన్ను తీసుకెళ్ళమను. పండగ పూట వెళితే ఇంటికి మంచిది కాదు” అంది. ఏడవలేదు, నిష్ఠూరమాడలేదు. ఆ నిమిషం నుంచి పానకాలుతో మాత్రం మాట్లాడలేదు.

ఇదంతా చిదంబరమ్మగారికి చెప్పి, పచ్చడి అరచేతిలో అలాగే పట్టుకుని పానకాలు అన్నాడు. “ఈ ఏడాదంతా ఇంట్లో మౌనం పడతానమ్మా. నోరు తెరిస్తే కదా ఈ పాపం. నోరే తెరవను.”

చిదంబరమ్మగారు ఒక చింతపండు పాయలోంచి గింజ తీసి పక్కన వేశారు. “వినపడని మనిషి ముందు నువ్వు మౌనం పడితే ఆవిడకు కొత్తగా ఏం ఇచ్చినట్టు, పానకాలూ?”

పానకాలు “మరి నేనేం చెయ్యను? నా సంకల్పం ఎందుకు నిలవదు?” అన్నాడు. 

“నిన్న ఏం జరిగింది?”

“చెప్పాను కదమ్మా. పాపిష్టివాణ్ణి. పెంచిన చేతిని...”

“అది నువ్వెలాంటివాడివో చెబుతున్నావు. ఏం జరిగిందని అడిగాను.”

పానకాలు మళ్ళీ మొదలుపెట్టాడు. కరెంటు, బెల్టు, ఎండ, ఆకలి. ఆవిడ ఓపికగా విని, “అవి ఎందుకు జరిగిందో చెప్పే మాటలు. సరే, నువ్వు గేటు దగ్గరున్నావు. ఆవిడ అరుగు మీద ఏం చేస్తోంది?” అని అడిగారు.

పానకాలు ఆలోచించాడు. ఏదో చేస్తోంది. చేతిలో ఏదో ఉంది. ఏమిటో గుర్తురాలేదు. తల ఎత్తి నవ్వకముందు మొహం ఎటు తిప్పి ఉందో గుర్తురాలేదు. తాను ఆ మాట అన్నాక ఆ మొహం ఎలా అయిందో అసలే తెలియదు. అప్పుడు తాను చూసింది గేటు గడియనే. అంత పెద్ద తప్పు చేశానని రాత్రంతా నిద్రపోని మనిషికి ఆ తప్పులో తన గొంతూ, తన ఒళ్ళు మండించిన ఆ నవ్వూ తప్ప ఇంకేమీ గుర్తులేదు.

“తెలియదమ్మా” అన్నాడు.

“ఈ ఏడు నువ్వు ఏ సంకల్పమూ చెప్పుకోకు. ఊరికే పచ్చడి తిను. రోజూ మర కట్టేశాక ఇటు వచ్చి కాసేపు కూర్చో. ఆ రోజు మీ ఇద్దరి మధ్యా ఏం జరిగిందో చెప్పి వెళ్ళు. బాగుపడతానని మాత్రం నా దగ్గర అనొద్దు.”

ఇంత చిన్న పని చెప్పినందుకు పానకాలుకు చిన్నతనంగా అనిపించింది. కఠినమైన దీక్ష ఏదైనా ఇస్తారనుకున్నాడు. అరచేతిలో పచ్చడి అప్పటికే వేడెక్కి, బెల్లం నీరు వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది. మిగిలిన వేప్పూత నోట్లో వేసుకుని లేచాడు.

మరునాడు సాయంత్రం కాస్త ధీమాగానే వచ్చాడు. “ఇవాళ ఒక్క మాట కూడా అనలేదమ్మా” అన్నాడు.

“చెయ్యనిది ఎందుకు, చేసింది చెప్పు.”

చెప్పడానికి ఏమీ లేదు. ఎక్కడ నోరు జారుతుందోనన్న భయంతో ఆ రోజంతా అత్త ఉన్న వైపే వెళ్ళలేదు. కాసేపు చింతపండు తీసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి సాయంత్రం భార్య మీద చెప్పాడు. ఆమె మధ్యలో సర్దిచెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదన్నాడు. చిదంబరమ్మగారు చీకటి పడబోతుంటే, “సీతారావమ్మ సంగతి సీతారావమ్మ చెప్పుకుంటుంది. నీ సంగతి రేపు తీసుకురా” అన్నారు.

ఆ మాటకు వాడికి కోపం వచ్చింది. దారి పొడుగునా ఆవిడ మీద గొణుక్కుంటూ నడిచాడు. రేపటి నుంచి వెళ్ళకూడదనుకున్నాడు. కానీ ఇంట్లో పెట్టె సర్దుడు మొదలైంది. తిరపతమ్మ తన రేకుపెట్టె అరుగు మీదకు తెచ్చుకుని, ఉతికిన చీరలు మడతలు పెట్టి అందులో పేరుస్తోంది. ఆ పెట్టెను దాటుకునే పానకాలు ఇంట్లోకి రావాలి, బయటికి పోవాలి. సాయంత్రం మళ్ళీ చిదంబరమ్మగారి పంచకు వెళ్ళక తప్పింది కాదు.

సాయంత్రం చెప్పాలన్న సంగతి ఒకటి మనసులో ఉండటం వల్ల పగలు వాడికి తెలియకుండానే ఒక మార్పు వచ్చింది. జరుగుతున్నదాన్ని జరుగుతుండగానే కాస్త గమనించుకోవడం మొదలైంది. సంత నుంచి వచ్చేవాడు ఇంట్లోవాళ్ళు అడుగుతారని ధరలు గుర్తుపెట్టుకున్నట్టు.

ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి తిరపతమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని ఉంది. మొహం వాడిపోయి ఉంది. అన్నం తిన్నట్టు లేదు. పానకాలుకు జాలేసింది. వాకిట్లో చెప్పులు విడుస్తూ, “అత్తా, అన్నం తిన్నావా?” అని అడిగాడు. ఆమెకు వినపడలేదు. “అత్తా! తిన్నావా?” అన్నాడు. వినపడలేదు. “అన్నం! తిన్నావా అని!” అని అరిచి, ఆ అరుపు మధ్యలో నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు.

ఆ సాయంత్రం వాడు చిదంబరమ్మగారి పంచలోకి దాదాపు పరుగెత్తుకు వచ్చాడు.

“అమ్మా, ఇవాళ ఒకటి చూశాను. నాకు మొదట కోపం లేదమ్మా. ఇంత కూడా లేదు. జాలితోనే పిలిచాను. వినపడలేదని గొంతు పెంచాను. అప్పటికీ లేదు. మూడోసారి అరిచాను చూడండి, ఆ అరుపు నా చెవిలో పడింది. పడేసరికి గుండె దడదడలాడింది, మెడ బిగిసింది. నా గొంతు విని నాకే కోపం వచ్చిందమ్మా! ఇన్నాళ్ళూ కోపం వచ్చి అరుస్తున్నాననుకున్నాను. అరిచినందుకు కోపం వస్తోంది.”

చెప్పి ఆవిడ మొహంలోకి చూశాడు. మెచ్చుకుంటారనుకున్నాడు. చిదంబరమ్మగారు, “ఆవిడకు ఎంత దూరంలో నిలబడ్డావు?” అని మాత్రం అడిగారు.

“వాకిట్లో.”

“ఊఁ” అన్నారు ఆవిడ. అంతే.

ఆ ‘వాకిట్లో’ అన్న మాట పానకాలుతో పాటు ఇంటిదాకా వచ్చింది. మరుసటి రోజు మర దగ్గర కూడా వదల్లేదు. చెప్పులు విడిచి నాలుగు అడుగులు వేస్తే గడప. అక్కడికి ఎందుకు వెళ్ళలేదు? మొన్న గేటు దగ్గరంటే గడియ ఉంది. నిన్న ఏ గడియా లేదు. అసలు అత్త పక్కన కూర్చుని ఎన్నాళ్ళయింది? అమావాస్యలూ పున్నాలూ కాదు, ఏళ్ళే వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. చెవులు సరిగ్గా ఉన్నప్పుడు మర నుంచి రాగానే అరుగు మీద ఆమె పక్కన చతికిలబడి కాళ్ళు చాపుకునేవాడు. ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేవాడు. చెవులు తగ్గుతున్న కొద్దీ దగ్గరికి జరగాల్సినవాడు దూరం జరిగాడు. స్తంభం దగ్గరికి, వాకిట్లోకి, చివరికి గేటు దగ్గరికి. ఎందుకు? పనివల్ల అని చెప్పుకోబోయాడు. అది సాయంత్రం ఆ పంచలో నిలవదని తెలుసు. కారం పట్టించుకునే ఆవిడ డబ్బా చేతికిచ్చి, “ఏంటి పానకాలన్నా, ఇవాళ ఇంత నిమ్మళంగా ఉన్నావు?” అంది. వాడికి ఆ మాట సగమే వినపడింది.

నవమి దగ్గరపడింది. ఊళ్ళో రామాలయం ముందు పందిరి వేస్తున్నారు. ఆ సాయంత్రం పానకాలు వచ్చి కూర్చుని, గింజలు తీయడం అందుకున్నాడు.  తల ఎత్తకుండానే మొదలుపెట్టాడు.

“ఇవాళ మధ్యాహ్నం దగ్గరికి వెళదామనుకున్నానమ్మా. స్తంభం దాకా వెళ్ళాను. ఆవిడ చీర మడత పెడుతోంది. చేతులు వణుకుతున్నాయి. మడత కుదరక మళ్ళీ విప్పుతోంది, మళ్ళీ పెడుతోంది. మణికట్టు ఇంత సన్నగా అయిపోయింది. ఆ చేతులతోనే నన్ను ఎత్తుకుని నడిచేది. అక్కడి నుంచి ఒక్క అడుగు ముందుకు పడలేదు. వెనక్కి తిరిగి వచ్చేశాను.” ఇంకో గింజ తీసి పక్కన వేశాడు. “దగ్గరికి వెళితే ఆవిడ ముసలిదయిపోయిందని కనపడుతుందమ్మా. నాకు భయం. దూరం నుంచి అరిస్తే ఆ భయం ఉండదు.”

చిదంబరమ్మగారి చేతులు ఆగాయి. ఆ పంచకు ఎన్నాళ్ళుగానో వస్తున్న పానకాలు అలా ఆగడం ఎప్పుడూ చూడలేదు. ఆవిడ ఏదో అంటారని ఎదురుచూశాడు. ఆవిడ లోపలికి వెళ్ళి గ్లాసుతో మజ్జిగ తెచ్చి వాడి ముందు పెట్టి, మళ్ళీ కూర్చుని పని అందుకున్నారు. పానకాలు మజ్జిగ తాగి, పైపంచెతో మొహం తుడుచుకుని లేచాడు.

ఇంటికి వెళ్ళేసరికి తిరపతమ్మ అరుగు మీద పెట్టె పక్కనే ఉంది. సీతారావమ్మ దీపం పెడుతోంది. పానకాలు వాకిట్లో ఆగలేదు. స్తంభం దగ్గర ఆగబోయి, ఆగలేదు. వెళ్ళి అత్త పక్కన, మోకాలు మోకాలికి తగిలేలా కూర్చున్నాడు. ఆమె ఉలిక్కిపడి కొంచెం జరగబోయింది. వాడు ఆమె చెవి దగ్గరికి వంగి, మామూలు గొంతుతో, దారంతా కూడగట్టుకున్న మాటలు చెప్పాడు. ఆ రోజు గేటు దగ్గర ఏం జరిగిందో, తాను ఏమన్నాడో, అంటున్నప్పుడు ఆమె మొహం కూడా చూడలేదని, ఇన్నాళ్ళూ దగ్గరికి రావడానికి ఎందుకు జంకాడో, అంతా చెప్పాడు. 

తిరపతమ్మ అంతసేపూ ఓరకంట వాడి పెదాల వంకే చూసింది. ఆఖరికి నోరు విప్పింది. ఉగాది ముందునాటి నుంచి ఆమె వాడితో అన్న మొదటి మాట అది.

“ఏమన్నావో ఒక్క ముక్క తెలియలేదురా. ఇటు వచ్చి కుడి చెవిలో చెప్పు. ఎడమది పూర్తిగా పోయింది.”

 ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే పొయ్యి మీద వండింది తింటూ, ఆమెకు ఏ చెవి వినపడుతుందో పానకాలుకు తెలియదు.

“ఎప్పుడు పోయిందత్తా?” అని అడిగాడు. ఆమెకు వినపడలేదు. లేచి అటువైపు వెళ్ళి కూర్చుని, కుడి చెవిలో మళ్ళీ అడిగాడు.

“నువ్వు మరకు కొత్త మోటారు పెట్టిన ఏడు. ఆ ఏడు నీకు తీరిక ఎక్కడిదిలే” అంది తిరపతమ్మ.

మొదటిసారి చెప్పినదంతా రెండోసారి చెప్పడం వాడివల్ల కాలేదు. కూడగట్టుకున్న మాటలన్నీ ఎడమ చెవికే ఖర్చయిపోయాయి. మిగిలినవి రెండే. “గోడ అన్నానత్తా” అన్నాడు.

“అన్నావు” అంది ఆమె.

పర్వాలేదని అనలేదు. వాడు కూడా పర్వాలేదనిపించుకోవాలని చూడలేదు.  కాసేపటికి తిరపతమ్మ పెట్టెలోని చీర ఒకటి తీసి వాడి చేతిలో పెట్టింది. “ఆ కొస పట్టుకో. ఒక్కదాన్ని మడత పెట్టలేకపోతున్నా.” సీతారావమ్మ గుమ్మంలోంచి చూసి, ఏమీ ఎరగనట్టు లోపలికి వెళ్ళిపోయింది.

నవమి అయిన మరునాడు నాంచారి వచ్చింది. తిరపతమ్మ వెళ్ళదని పానకాలు లోలోపల అనుకున్నాడు. వెళ్ళింది. “రమ్మంటే వచ్చిన పిల్లను ఉత్తగా ఎలా పంపుతాను? దాని చేత ఆవకాయ పెట్టించి వస్తా” అంది. “పెద్దమ్మా, నువ్వు ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు” అంది నాంచారి. పానకాలు పెట్టె మోసుకుంటూ బస్సు దాకా వెళ్ళి, కిటికీ పక్క సీట్లో కుడి చెవి నాంచారి వైపు వచ్చేలా అత్తను కూర్చోబెట్టాడు. బస్సు కదిలాక, ఆమె వస్తుందో రాదో అన్న దిగులుతో మరకు వెళ్ళాడు. ఆ ఎండాకాలం వాడికి చాలా పొడుగ్గా గడిచింది. చెప్పడానికి ఏమీ జరగకపోయినా అప్పుడప్పుడూ సాయంత్రాలు పంచలోకి వచ్చి కూర్చునేవాడు.

తొలకరి పడ్డాక తిరపతమ్మ తిరిగి వచ్చింది, ఒక జాడీ ఆవకాయతో సహా. పానకాలు ఆమె కుడిపక్కన కూర్చుని కబుర్లు చెప్పడం, ఆమె సగం విని సగం ఊహించుకుని నవ్వడం ఊళ్ళో అందరూ చూశారు. ఈ కథ ఇక్కడితో ఆపితే వినడానికి బాగానే ఉంటుంది. కానీ జరిగింది అక్కడితో ఆగలేదు.

శ్రావణమాసంలో ఒకనాటి సాయంత్రం ముసురు పట్టి ఉంది. పానకాలు గొడుగు కూడా లేకుండా తడుస్తూ చిదంబరమ్మగారి పంచలోకి వచ్చి, నిలబడే మాట్లాడాడు.

“అంతా పోయిందమ్మా. మళ్ళీ అరిచాను.”

చిదంబరమ్మగారు వత్తులు చేస్తున్నారు. చెప్పమన్నట్టు చూశారు.

“వంటింట్లో పాలు పొంగుతున్నాయి. నేను మా పంచలో ఉన్నాను, అత్త పొయ్యి పక్కనే ఉంది. లేచి వెళ్ళకుండా అక్కడి నుంచే కేకేశాను. రెండో కేకకే గొంతు మారింది, నాకు తెలుస్తూనే ఉంది. తెలుస్తుండగానే మూడోది వేశాను. ‘కళ్ళు కూడా పోయాయా?’ అన్నాను. అత్త ఇటు తిరిగే ఉంది. చేతిలో చాట ఉంది. నా మాట వినపడలేదనుకుంటా, కానీ నా మొహం చూసింది. చూసి చాట కింద పెట్టేసి, గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఇటు వచ్చేశాను. ఇన్నాళ్ళు చేసిందంతా బూడిదలో పోసినట్టయింది. ఇక నేను మారను. నాలాంటివాడికి ఏ దారీ లేదమ్మా.”

వాడి పంచె అంచు నుంచి నీళ్ళు కారి పంచలో చిన్న మడుగు కట్టాయి. చిదంబరమ్మగారు చేతిలో వత్తి పూర్తయ్యేదాకా నులిమి, దాన్ని మిగతావాటి పక్కన పెట్టారు.

“ఆవిడ అన్నం తిన్నదా?”

పానకాలు తెల్లబోయాడు. “తెలియదమ్మా” అన్నాడు.

“వెళ్ళి చూడు” అన్నారు ఆవిడ.